పార్క్ స్ట్రీట్ సమాధుల తోట: కంపెనీ కాలపు కలకత్తా లేపిన ఇటుక శిఖరాలు

కలకత్తాలో పార్క్ స్ట్రీట్ అన్న పేరు స్థిరపడకముందు ఆ దారిని బరియల్ గ్రౌండ్ రోడ్ అని పిలిచేవారు. అక్కడి సుప్రీంకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా వచ్చిన ఎలైజా ఇంపే తన బంగళా చుట్టూ జింకల వనం పెంచినందువల్ల కొత్త పేరు వచ్చిందని చెబుతారు. 2004 నుంచి అధికారికంగా అది మదర్ థెరిసా సరణి. పేరు ఎన్నిసార్లు మారినా, పాత పేరుకు కారణమైన స్థలం మాత్రం ఆ దారి తూర్పు కొసన, ఎత్తైన ప్రహరీ లోపల ఇప్పటికీ ఉంది. 1767 ఆగస్టులో తెరిచిన ఈ సౌత్ పార్క్ స్ట్రీట్ సమాధుల తోటలో 1,600కు పైగా సమాధులు నిలిచి ఉన్నాయి. వాటిలో మనిషి ఎత్తు మించనివి తక్కువ. పిరమిడ్లు, నాలుగు పలకల సూదిస్తంభాలు, గుమ్మటాలు, స్తంభాల మీద నిలిచిన మండపాలు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నట్టు కట్టారు.

దీన్ని బ్రిటిష్ సామ్రాజ్య వైభవానికి గుర్తుగా చూడటం సందర్శకులకూ, కొందరు చరిత్రకారులకూ అలవాటైపోయింది. తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. తోట తెరిచేనాటికి ఈస్టిండియా కంపెనీ చేతికి బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు చేసే హక్కు, వచ్చి రెండేళ్ళే అయింది. మైసూరులో హైదర్ అలీ, పూనాలో పీష్వాలు, హైదరాబాదులో నిజాం ఎవరి బలంతో వారు ఉన్నారు. 1858లో బ్రిటిష్ రాణి పేర పాలన మొదలయ్యేసరికి ఈ తోట మూతపడి ఒక తరం గడిచిపోయింది. కాబట్టి ఇది సామ్రాజ్యపు కట్టడం కాదు. సామ్రాజ్యం అవుతుందో లేదో తెలియని ఒక వ్యాపార సంస్థ నౌకర్లు, అంతవరకూ ఎరుగని డబ్బు ఒక చేత, ఎప్పుడు ముంచుకొస్తుందో తెలియని చావు మరో చేత పట్టుకొని బతికిన అరవయ్యేళ్ళ కాలం ఇక్కడ ఇటుకలో గడ్డకట్టింది.

అంతకుముందు కలకత్తా ఇంగ్లీషువారు తమవారిని పాత కోటకు దగ్గరలోనే పూడ్చేవారు. ఇప్పుడు సెయింట్ జాన్స్ చర్చి ఉన్న ఆవరణ అదే. 1690లో ఇక్కడ కంపెనీ స్థావరం నెలకొల్పిన జాబ్ చార్నాక్ సమాధి అక్కడే ఉంది. ఆ సమాధికి వాడిన నల్లని గట్టి రాయి మద్రాసు దగ్గరి పల్లావరం ప్రాంతం నుంచి వచ్చింది. 19వ శతాబ్దం చివర భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ ఆ జాతి రాతికి చార్నాక్ పేరు మీదనే చార్నొకైట్ అని పేరు పెట్టాడు. మన తూర్పు కనుమల్లో విరివిగా కనిపించే రాయి ఇదే. ఒక సమాధి పేరు ఒక రాతి జాతికే పేరు కావడం భూగర్భ శాస్త్రంలో అరుదైన సంగతి.

ఆ పాత స్థలం ఎందుకు చాలలేదో 18వ శతాబ్దం తొలినాళ్ళలో కలకత్తా చూసిన నావికుడు అలెగ్జాండర్ హామిల్టన్ రాసిన లెక్క చెబుతుంది. ఒక ఏడాది ఆగస్టులో ఊళ్ళో దాదాపు 1,200 మంది ఇంగ్లీషువారు ఉండగా, జనవరి రాకముందే గుమాస్తా పద్దు పుస్తకంలో 460 ఖననాలు నమోదయ్యాయని అతడు రాశాడు. నాలుగైదు నెలల్లో మూడింట ఒక వంతుకు మించి పోయారన్నమాట. ఇందులో ఓడల నుంచి దిగిన నావికులు, సైనికులు ఎక్కువగా ఉండి ఉంటారు గనుక దాన్ని ఏటేటా జరిగే సగటుగా తీసుకోలేము. అయినా ఊరి స్వభావం ఏమిటో దాన్నిబట్టి తెలుస్తుంది. రెండు వర్షాకాలాలే మనిషి ఆయుష్షు అని బొంబాయి ఇంగ్లీషువారు చెప్పుకునే మాట కలకత్తాకూ అంతే సరిపోయేది. వానలు వెనుకబట్టాక బతికి బయటపడినవారంతా కలుసుకొని విందు చేసుకొనే ఆనవాయితీ కూడా కలకత్తాలో ఉండేది.

హుగ్లీ నది తూర్పు ఒడ్డున, ఉప్పు చిత్తడి నేలల అంచున ఉన్న ఊరు అది. మలేరియా, రక్త విరేచనాలు, కాలేయంలో చీము, 1817 తర్వాత కలరా ఈ సమాధుల వెనుక ఉన్న కారణాల్లో ముఖ్యమైనవి. జ్వరాలు చెడు గాలి వల్ల వస్తాయని నాటి వైద్యులు నమ్మారు. రక్తం తీయడం, పాదరసపు మందులు ఇవ్వడం వాళ్ళకు తెలిసిన చికిత్స. వ్యాధి విడిచిపెట్టినా వైద్యం విడిచిపెట్టని సందర్భాలు తక్కువ కావు. ఫలకాల మీది వయస్సులు చదివితే ఇరవైలలో పోయిన గుమాస్తాలు, కాన్పులో పోయిన భార్యలు, ఏడాది నిండని పిల్లలు వరుసగా కనిపిస్తారు. కంపెనీ కొలువులోకి రైటర్లుగా, అంటే తొలి మెట్టు గుమాస్తాలుగా, వచ్చే కుర్రవాళ్ళకు పదహారు, పదిహేడేళ్ళు దాటేవి కావని గుర్తుంచుకుంటే ఆ వయస్సులు వింతగా అనిపించవు.

పాత స్థలం నిండిపోవడంతో ఊరికి దూరంగా, చౌరంగీ అడవులకు అవతల, బురద నేలలో కొత్త చోటు చూశారు. ఈ నిర్ణయం అవసరం కొద్దీ తీసుకున్నదే గాని దానికి ఉన్న చారిత్రక ప్రాధాన్యం చిన్నది కాదు. ఆ కాలంలో ఐరోపా నగరాల్లో క్రైస్తవులను చర్చి ఆవరణలోనో, చర్చి నేల కిందనో పూడ్చడమే పద్ధతి. శతాబ్దాల తరబడి అదే నేలను తవ్వి తవ్వి పారిస్‌లోని ఇన్నోసెంట్స్ శ్మశానం వీధి మట్టానికి మించి పైకి లేచింది. 1780లో దాని పక్క ఇంటి నేలమాళిగ గోడ ఆ బరువుకు కూలి శవాలు లోపలికి జారాక గాని దాన్ని మూయలేదు. ఊరి వెలుపల, చర్చితో సంబంధం లేకుండా, చెట్ల నడుమ విశాలంగా పారిస్ నిర్మించుకున్న పేర్ లాషేజ్ 1804లో తెరుచుకుంది. లండన్‌లో కెన్సల్ గ్రీన్ 1833లో వచ్చింది. కలకత్తాలో చర్చికి సంబంధం లేని ఊరి వెలుపలి సమాధుల తోట వాటికన్నా దశాబ్దాల ముందే ఉంది.

కలకత్తా కూడా ఇందులో మొదటిది కాదు. 17వ శతాబ్దంలోనే సూరత్‌లో ఇంగ్లీషు, డచ్చి వర్తకులు ఊరి బయట గుమ్మటాలతో భారీ సమాధులు కట్టుకున్నారు. ఇంగ్లీషు కొఠీ (వ్యాపార స్థావరం) అధిపతి జార్జ్ ఆక్సెండెన్ 1669లో, డచ్చి అధికారి, మలబారు మొక్కల మీద గొప్ప గ్రంథం వెలువరించిన వాన్ రీడ్ 1691లో చనిపోతే వారికి లేచిన కట్టడాలు గుజరాత్ సుల్తానుల, మొఘల్ సర్దారుల గోరీల నమూనాలోనే ఉంటాయి. చుట్టూ ఉన్న ప్రభువులు చనిపోయాక కూడా తోటల్లో గుమ్మటాల కింద ఉంటుంటే తాము నేలబారు రాతి కింద ఉండటం చిన్నతనమని ఆ వర్తకులు భావించినట్టుంది. యువకుడిగా కొంతకాలం సూరత్‌లో కంపెనీ కొలువు చేసి, తర్వాత ఇంగ్లండులో పేరున్న వాస్తుశిల్పి అయిన జాన్ వాన్‌బ్రూ 1711లో లండన్‌లో కొత్త చర్చిల ప్రతిపాదన వచ్చినప్పుడు, శవాలను చర్చిల్లో పూడ్చడం మాని ఊరి బయట తోటలు ఏర్పాటు చేయాలని సూచిస్తూ సూరత్ ఇంగ్లీషువారి పద్ధతినే ఉదాహరణగా చూపాడు. ఆ సూచనను అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఆధునిక శ్మశానవాటిక ఐరోపాలో పుట్టి వలసలకు వచ్చిందన్న సాధారణ అభిప్రాయాన్ని ఈ వరుస తలకిందులు చేస్తుంది.

పార్క్ స్ట్రీట్ కట్టడాల ఆకారానికి మరో కారణం నేలలోనే ఉంది. బెంగాల్ ఒండ్రు మైదానంలో రాయి దొరకదు. ఇక్కడే మన కోస్తాతో పోలిక పనికొస్తుంది. మచిలీపట్నం, పులికాట్ డచ్చి శ్మశానాల్లో కనిపించేవి ప్రధానంగా పెద్ద పెద్ద రాతి పలకలు. వాటి మీద వంశ చిహ్నాలు, పూల అంచులు, డచ్చి అక్షరాలు లోతుగా, పదునుగా చెక్కారు. కోరమాండల్ తీరపు శిల్పుల చేతి పని అంత పేరుపొందింది కాబట్టే అలాంటి పలకలు ఓడల మీద బటావియా (ఇప్పటి జకార్తా) దాకా వెళ్ళాయి. రాయి ఉన్న చోట సమాధి పడుకొని ఉండి, అందం చెక్కడంలోకి వెళ్ళింది. రాయి లేని బెంగాల్‌లో ఇటుక పేర్చి పైకి లేపడమే దారి, అందువల్ల అందం ఆకారంలోకి, ఎత్తులోకి వెళ్ళింది. లోపల ఇటుక, సుర్కీ (ఇటుక పొడి) కలిపిన సున్నం. పైన మెరుగు పెట్టిన గచ్చు. ఒక పక్క గూటిలో పొదిగిన చిన్న పాలరాతి ఫలకం. దూరం నుంచి రోమన్ రాతి కట్టడంలా కనిపించే ప్రతిదీ దగ్గరికి వెళ్ళి చూస్తే గార పూసిన ఇటుకే.

కొత్త ఫోర్ట్ విలియం కట్టడం 1758లో మొదలై 1781 దాకా సాగింది. ఆ పని కోసం ఊరి చుట్టూ ఇటుక బట్టీలు, తాపీ మేస్త్రీలు, నక్షాలు గీసే సైనిక ఇంజనీర్లు అప్పటికే ఉన్నారు. స్తంభాల కొలతలు, పిరమిడ్ వాలు వంటివి ఐరోపా నమూనా పుస్తకాల్లోంచి తీసుకొని బెంగాలీ మేస్త్రీలు తమ చేతివాటం కలిపి కట్టారు. కొన్ని మండపాల గుమ్మటాలు, కమానులు రోమ్ కన్నా ముర్షిదాబాద్‌నే ఎక్కువ గుర్తు చేయడం అందువల్లే. సున్నం సిల్హెట్ కొండల నుంచి పడవల మీద దిగేది. అక్కడ కలెక్టరుగా ఉన్న రాబర్ట్ లిండ్సే కొలువు చేస్తూనే ఆ సున్నపు వ్యాపారంలో సొంతానికి బాగా గడించాడు. అది నాటి ఆచారమే తప్ప రహస్యం కాదు. జీతం నామమాత్రం, ఆదాయమంతా సొంత వ్యాపారం, కానుకలు, కాంట్రాక్టులు. కాబట్టి సమాధికి పూసిన గారలోనూ, ఆ గారకు చెల్లించిన డబ్బులోనూ ఉన్నది ఒకే వ్యవస్థ.

ఆ డబ్బు ఎక్కడిదో చెప్పకుండా ఈ కట్టడాల గురించి మాట్లాడటం సగం మాటే అవుతుంది. 1765 ఆగస్టులో మొఘల్ పాదుషా షా ఆలం నుంచి క్లైవ్ బెంగాల్, బిహార్, ఒరిస్సాల దివానీ సంపాదించాడు. తెలుగు వారి ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందింది కూడా ఆ నెలలోనే. తోట తెరిచిన మూడేళ్ళకు, 1770లో, బెంగాల్‌లో మహా క్షామం వచ్చింది. జనంలో కనీసం మూడో వంతు నశించారని బెంగాల్ గవర్నర్ వారన్ హేస్టింగ్స్ 1772లో లండన్‌కు రాశాడు. అంత నష్టం జరిగినా 1771 నాటి శిస్తు వసూలు 1768 నాటిదాన్ని మించిందని కూడా అదే లేఖ చెబుతోంది. కలకత్తా వీధుల్లోనే చచ్చిపడిన ఆ జనానికి గుర్తు ఎక్కడా లేదు. సరిగ్గా ఆ దశాబ్దంలోనే ఇక్కడి పిరమిడ్లు లేవడం మొదలైంది. హేస్టింగ్స్ మండలి సభ్యుడు, కంపెనీ కొలువులో అంతులేని సంపద కూడబెట్టినవారిలో ఒకడు అయిన రిచర్డ్ బార్వెల్ భార్య ఎలిజబెత్ 1770ల చివర చిన్న వయస్సులో చనిపోతే ఆమెకు కట్టిన పిరమిడ్ తోటలోని అతి పెద్ద కట్టడాల్లో ఒకటి. హేస్టింగ్స్‌తో మండలిలో నిత్యం తగువు పడి, గవర్నర్ జనరల్ పదవి తనదేనని 1777లో పట్టుబట్టిన జనరల్ క్లేవరింగ్ ఆ ఏడాదే చనిపోయి ఇక్కడికే చేరాడు. మండలిలో ఒకరి ముఖం ఒకరు చూడలేనివారి కుటుంబాలకు తోటలో పొరుగు తప్పలేదు.

అందరినీ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. క్షామం చూసిన అనుభవంతో, ఆహారం ఇచ్చే మొక్కలను వేరే దేశాల నుంచి తెచ్చి పెంచాలన్న ఆలోచనతో హుగ్లీ అవతలి ఒడ్డున శిబ్‌పూర్‌లో వృక్షశాస్త్ర వనానికి పునాది వేసిన కర్నల్ రాబర్ట్ కిడ్ 1793లో మరణించాడు. తన తోటలోనే ఏ ఆర్భాటమూ లేకుండా పూడ్చమన్నది ఆయన కోరిక. తెచ్చింది మాత్రం పార్క్ స్ట్రీట్‌కే. ఆయన స్థానంలోకి ఆ ఏడాదే వచ్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో కంపెనీ తోట నడుపుతూ గోదావరి మండలపు మొక్కలను బొమ్మలు గీయించి వర్ణించిన ఆ వైద్యుడి అనుభవమంతా అలా కలకత్తాకు చేరింది. ఇంకో సమాధి అగస్టస్ క్లీవ్‌లాండ్‌ది. భాగల్‌పూర్ కలెక్టరుగా రాజ్‌మహల్ కొండల్లోని పహాడియా తెగవారితో యుద్ధం కన్నా సంధి మేలని ఒప్పందాలు చేసుకున్న అతడు 1784లో ఆరోగ్యం కోసం ఓడ ఎక్కి, సముద్రం మీదే 29వ ఏట పోయాడు. శవాన్ని సారాయిలో ఉంచి వెనక్కి తెచ్చారు.

తోటలో అన్నిటికన్నా ఎత్తైనది సర్ విలియం జోన్స్ సమాధి. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా 1783లో వచ్చి, మరుసటి ఏడాది ఏషియాటిక్ సొసైటీ స్థాపించి, సంస్కృతానికీ గ్రీకు, లాటిన్లకూ ఒకే మూలం ఉండి ఉండాలని 1786లో ప్రతిపాదించిన ఆయన 1794 ఏప్రిల్ 27న 47వ ఏట మరణించాడు. దేవునికి భయపడినా చావుకు భయపడని మనిషి మట్టి భాగం ఇక్కడ ఉంచారు అన్న అర్థంతో మొదలయ్యే సమాధి లేఖనాన్ని ఆయనే ముందుగా రాసుకున్నాడు. ఆ లేఖనం ఎంత వినయంగా ఉందో దాన్ని మోసే సూదిస్తంభం అంత గర్వంగా ఉంటుంది. దానికి దగ్గరి పోలికలేని మరో కట్టడం రోజ్ ఐల్మర్ అనే అమ్మాయిది. 1800 మార్చిలో ఇరవయ్యేళ్ళకే చనిపోయిన ఆమెకు మెలితిరిగిన గాళ్ళతో పైకి సన్నబడే స్తంభం కట్టారు. ఆమెను ఎరిగిన ఇంగ్లీషు కవి వాల్టర్ లాండర్ రాసిన ఎనిమిది పంక్తుల కవిత వల్ల ఆమె పేరు నిలిచింది. ఆ పంక్తులను సమాధి మీద చెక్కింది మాత్రం వందేళ్ళ తర్వాత.

ఐరిష్ వాడైన మేజర్ జనరల్ చార్లెస్ స్టువర్ట్ సమాధి ఈ రోమన్ గుంపులో కలవదు. రోజూ గంగా స్నానం చేస్తాడనీ, విగ్రహాలు కొలుస్తాడనీ తోటివారు ఆయనకు హిందూ స్టువర్ట్ అని పేరు పెట్టారు. 1828లో మరణించాక ఆయన సమాధిని చిన్న గుడి ఆకారంలో, చెక్కిన ద్వారబంధంతో కట్టారు. ఆయన పోగుచేసిన విగ్రహాలు చేతులు మారి 1872లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. విగ్రహాలను ఆయన భక్తితో పోగుచేశాడో లేదో, ఆ విగ్రహాలు కొన్ని ఎలా చేతికి వచ్చాయో అన్నవి వేరు వేరు ప్రశ్నలు. మొదటిదానికి వచ్చిన ప్రచారం రెండోదానికి రాలేదు.

తెలుగు చరిత్ర చదివేవారికి ఈ తోటలో అన్నిటికన్నా దగ్గరైనది కర్నల్ కాలిన్ మెకంజీ సమాధి. స్కాట్లండ్ వాయవ్యాన లూయిస్ దీవిలో పుట్టి, 1783లో మద్రాసు చేరి, మైసూరు సర్వే నడిపి, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన మెకంజీ 1821 మే 8న మరణించాడు. కొలతల పని చేస్తూనే గ్రామ కరణాల దగ్గరి కవిలెలు (లెక్కల పుస్తకాలు), స్థల చరిత్రలు, శాసనాలు, నాణేలు సేకరించాడు. ఆయన పోయేనాటికి ఆ సేకరణలో 8,076 శాసనాల నకళ్ళు, 6,218 నాణేలు, 1,500కు మించిన రాతప్రతులు ఉన్నాయి. ఈనాడు గ్రామ కైఫీయతులుగా మనం చదువుకుంటున్నది అందులో ఒక భాగం. అమరావతి స్తూపాన్ని కాగితం మీద మొదట నమోదు చేసిందీ ఆయన బృందమే.

ఈ పనిని మెకంజీ ఒక్కడే చేయలేదు. ఆయనకు స్థానిక భాషలు పెద్దగా రావని ఆయనే ఒప్పుకున్నాడు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు ఆ కొరత తీర్చారు. పెద్దవాడు వెంకట బొర్రయ్య ప్రాచీన శాసనాల లిపిని విప్పడంలో అసాధారణ ప్రజ్ఞ చూపి 1803లో చిన్న వయస్సులోనే పోయాడు. ఆ తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఊరూరికీ పంపే సేకర్తల బృందాన్ని నడిపించాడు, 1817లో మెకంజీ వెంట కలకత్తా కూడా వెళ్ళాడు. మరో తమ్ముడు రామస్వామి దక్కను కవుల జీవితాల మీద 1829లో ఇంగ్లీషు పుస్తకం అచ్చువేశాడు. మెకంజీ మరణానంతరం సేకరణను ప్రభుత్వం లక్ష రూపాయలకు ఆయన వితంతువు దగ్గర కొన్నది. సేకరణను తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వస్తే, ఆ విషయాన్ని 1836లో పరిశీలించిన ఏషియాటిక్ సొసైటీ సంఘం, అలాంటి పనికి అతడు సహాయకుడిగా పనికొస్తాడే గాని సొంతంగా నడిపేంత సమర్థుడు కాదని తేల్చింది. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పని చేసినవాడి గురించి వచ్చిన తీర్పు అది. సర్వేయర్ జనరల్‌కు కలకత్తాలో సమాధి ఉంది. లక్ష్మయ్య పేరు వెతకాలంటే రాతప్రతుల జాబితాలు తిరగేయాలి.

హైదరాబాదుకు సంబంధించిన పేరు కూడా ఆ దారిలో ఒకటి ఉంది. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేసి, ఖైరున్నిసాను పెళ్ళాడి, ఇప్పుడు కోఠి ఉమెన్స్ కాలేజీగా జనం ఎరిగిన రెసిడెన్సీ భవనాన్ని కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1805 అక్టోబరులో కలకత్తా వచ్చి జ్వరంతో మరణించాడు. పార్క్ స్ట్రీట్ శ్మశానాల్లోనే ఆయన్ను ఖననం చేశారు. ఆయన పేర ఉన్న ఫలకం సెయింట్ జాన్స్ చర్చిలో కనిపిస్తుంది. ఆ పెళ్ళికి ఫలకాల మీద చోటు దొరకకపోవడం ఆ కాలపు ఆనవాయితీకి భిన్నమైనదేమీ కాదు. కంపెనీ ఉద్యోగుల వీలునామాల్లో బీబీలకు, అంటే వారితో కాపురం చేసిన భారతీయ స్త్రీలకు, వారి పిల్లలకు రాసిన సొమ్ము ప్రస్తావన తరచుగా వస్తుంది. ఆ యజమానుల సమాధుల మీద మాత్రం ఆ స్త్రీల ఊసు దాదాపుగా ఉండదు. ఫలకం మీద చోటు చట్టబద్ధమైన ఇంగ్లీషు కుటుంబానిదే.

తోటలో చివరి దశకు చెందిన ప్రముఖుడు హెన్రీ డెరోజియో. పోర్చుగీసు, భారతీయ, ఇంగ్లీషు రక్తం కలిసిన కుటుంబంలో 1809లో పుట్టి, పందొమ్మిదేళ్ళు నిండీ నిండకముందే హిందూ కాలేజీలో పాఠాలు చెప్పాడు. ప్రశ్నించడం నేర్పినందుకు 1831 ఏప్రిల్‌లో కొలువు పోగొట్టుకున్నాడు. ఆ డిసెంబరు 26న కలరాతో 22 ఏళ్ళకే పోయాడు. దైవాన్ని నమ్మడన్న నింద వల్ల తోట అంచునే చోటు ఇచ్చారన్న కథనం బెంగాల్‌లో బలంగా ఉంది. కథనం ఎంతవరకు నిజమైనా, ఇప్పుడు తోటకు వచ్చే బెంగాలీ సందర్శకులు జోన్స్ కన్నా ముందు అడిగేది ఆయన సమాధినే. పిరమిడ్లు కట్టించుకున్నవారిలో చాలామంది పేర్లను ఊరు మరిచిపోయింది.

1830 ప్రాంతానికి ఈ తోట నిండిపోయింది. లోయర్ సర్క్యులర్ రోడ్డులో కొత్త శ్మశానం 1840లో వచ్చింది. బెంగాలీ కవి మైఖేల్ మధుసూదన్ దత్ సమాధి ఉన్నది అందులోనే. ఆ తర్వాతి తరం ఇంగ్లీషువారి అభిరుచి మారింది. చర్చి ప్రభావం పెరిగి శిలువలు, దేవదూతల బొమ్మలు వచ్చాయి. పిరమిడ్లు, సూదిస్తంభాలు క్రైస్తవేతరమని తోచాయి. పార్క్ స్ట్రీట్ తోటలో క్రైస్తవ చిహ్నాలు ఎంత తక్కువో చూస్తే ఆ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. అంతటి ఆవరణలో శిలువ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

మూతపడిన శ్మశానం నగరం మధ్యలోకి వస్తే దాని గతి ఏమవుతుందో పొరుగు స్థలాలు చెబుతాయి. రోడ్డుకు ఉత్తరాన 18వ శతాబ్దం చివర తెరిచిన నార్త్ పార్క్ స్ట్రీట్ శ్మశానం ఉండేది. ఇంగ్లీషు నవలాకారుడు థాకరే తండ్రి రిచ్‌మండ్ థాకరే 1815లో అక్కడే సమాధి అయ్యాడు. 1953లో దాన్ని తొలగించారు, ఆ స్థలంలో తర్వాత చర్చి వారి బడి, ఆసుపత్రి లేచాయి. అక్కడి ఫలకాలు కొన్ని తెచ్చి దక్షిణ తోట గోడలకు బిగించారు. ఇటాలియన్ వాడైన ఎడ్వర్డ్ టిరెట్టా తన యువ భార్య ఎముకలను పాత పోర్చుగీసు శ్మశానంలో తవ్విపోయకుండా కాపాడుకోవడానికి 1796లో సొంతంగా భూమి కొని ఏర్పాటు చేసిన కాథలిక్ శ్మశానం కూడా ఇప్పుడు లేదు. సౌత్ పార్క్ స్ట్రీట్ మిగలడానికి ఎవరి దూరదృష్టీ ప్రధాన కారణం కాదు. ఇక్కడి కట్టడాలు పడగొట్టడానికి ఖర్చయ్యేంత పెద్దవి కావడం, పేరున్న పండితుల సమాధులు ఉండటం, అమ్మకానికి వేళ కుదరకపోవడం కలిసివచ్చాయి.

1970ల నాటికి లోపల అడవి పెరిగింది. ఇటుక గోరీకి శత్రువులు రావి, మర్రి. పక్షి వేసిన గింజ గార పగులులో మొలిచి, వేరు ఇటుకల మధ్య సున్నం వెతుక్కుంటూ దిగి, పదిహేను ఇరవై ఏళ్ళలో గుమ్మటాన్ని రెండుగా చీలుస్తుంది. పైపైన కొమ్మలు నరికితే చెట్టు మళ్ళీ వస్తుంది. వేరు తీయాలంటే గోడ విప్పాలి. 1976లో ఇంగ్లండులోనూ, 1978లో కలకత్తాలోనూ పాత శ్మశానాల రక్షణకు సంఘాలు ఏర్పడి ఇక్కడ పొదలు కొట్టించి, కొన్ని కట్టడాలు బాగుచేయించాయి. నిర్వహణ క్రైస్తవ ఖనన మండలి చేతిలో ఉంది. మరమ్మతుల్లో తేలికగా జరిగే పొరపాటు సిమెంటు వాడటం. సున్నపు గార చెమ్మను లోపలికీ బయటికీ పోనిస్తుంది. సిమెంటు పొర దాన్ని లోపలే బంధిస్తుంది, ఇటుక లోపల పొడిబారి రాలుతుంటే పైపొర కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. కలకత్తా వాన నాలుగు నెలలు విడవకుండా తడిపే చోట ఈ తేడా కట్టడం ఆయుష్షునే నిర్ణయిస్తుంది.

ఫలకాల సంగతి ఇంకా కష్టం. పాలరాయి గాలిలోని ఆమ్లానికి కరుగుతుంది, సీసం నింపిన అక్షరాలను పెకలించుకు పోయేవారూ ఉన్నారు. అదృష్టవశాత్తూ కలకత్తాలో సమాధి కట్టడాల పని చేసే హోమ్స్ సంస్థ 1848లోనే నగర శ్మశానాల లేఖనాలను సేకరించి ఒక పెద్ద పుస్తకంగా అచ్చువేసింది. ఈనాడు చదవలేని చాలా ఫలకాల పాఠం అందులోంచే తెలుస్తోంది. అయితే ఆ పుస్తకం కూడా రాయి పెట్టించగలిగినవారి పుస్తకమే. బెంగాల్ చర్చిల బాప్తిస్మ, వివాహ, ఖనన పద్దుల నకళ్ళు ఏటా కంపెనీ లండన్ కార్యాలయానికి వెళ్ళేవి, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఏ గుర్తూ లేకుండా పూడ్చిన సిపాయి దళాల సార్జెంట్లు, ఓడ నుంచి దిగి వారం తిరగకముందే పోయిన నావికులు అక్కడ ఒక్కో వరుసలో పేరుతోనైనా కనిపిస్తారు. తోటలో తిరిగి కంపెనీ కాలపు కలకత్తాను అంచనా వేసేవారు పిరమిడ్లతో పాటు ఆ పద్దులను కూడా పక్కన పెట్టుకొని చదవవలసి ఉంటుంది.